మునగలపాలెం క్లబ్బు ఓటముల పుస్తకం

రోడ్డు వెడల్పు చేసిన రోజున మునగలపాలెం క్లబ్బు తన గెలుపులన్నీ పోగొట్టుకుంది.

క్లబ్బంటే పెద్దగా ఊహించుకోనక్కర లేదు. ఒక మట్టి కోర్టు, రెండు ఇనుప స్తంభాలు, మధ్యన వల, పక్కన ఒక రేకుల గది. గదిలో బీరువా. బీరువాలో డెబ్బై రెండేళ్లుగా బాల్ బ్యాడ్మింటన్ ఆడి తెచ్చుకున్న కప్పులు, షీల్డులు, మెడల్లో దండలతో దిగిన ఫోటోలు. అటు ఐదుగురు, ఇటు ఐదుగురు నిలబడి పసుపుపచ్చ ఊలు బంతితో ఆడే ఈ ఆట టీవీలో రాదు. అందువల్ల దాన్ని ఎవరూ బాగుచేయలేదు, ఎవరూ పాడుచేయలేదు. ఆ రోజు వరకూ.

కొలతల ప్రకారం గదిలో మూడడుగులు మాత్రమే రోడ్డుకు పోవాలి. మిగిలిన గది ఒంటరిగా నిలబడలేదని ఇంజనీరు గారు జాలిపడి మొత్తం తీయించేశారు. సాయంత్రం ఆటకు వచ్చినవాళ్లకు కోర్టు కనిపించింది, గది కనిపించలేదు. రాళ్లూ రేకులూ బీరువా కలిపి మున్సిపాలిటీ ట్రాక్టరు ఎత్తుకుపోయింది. ఎక్కడో గుంట పూడ్చడానికి వాడామన్నారు. ఏ గుంటో అడిగితే, గుంటలకు రిజిస్టరు ఉండదన్నారు.

క్లబ్బు కార్యదర్శి సుదర్శనం మాస్టారు నాలుగు రోజులు మూడు గుంటల దగ్గర తిరిగారు. హైస్కూల్లో ముప్పై మూడేళ్లు తెలుగు చెప్పి రిటైరైన మనిషి. చేతికర్రతో ఇటుక ముక్కలు పక్కకు తీసి చూస్తుంటే, దారిన పోయేవాళ్లు ఆగి చూసి, ఏమీ అడగకుండా వెళ్లిపోయేవారు. ఆయనకు కప్పులన్నీ అక్కర్లేదు. ఒకటే కావాలి. ఏడేళ్ల కిందట మహిళల ఓపెన్ టోర్నమెంటులో వచ్చిన కప్పు. దాని అడుగున ఐదు పేర్లు చెక్కి ఉన్నాయి. మూడో పేరు ఉత్పల.

ఉత్పల ఆయన కూతురు. కప్పు వచ్చిన ఏడాదే వేసవిలో మూడు రోజుల జ్వరంతో పోయింది. ఇరవై ఆరేళ్లు. ఊళ్లో అందరికీ తెలిసిన సంగతి కనక ఎవరూ ఎత్తరు. ఆయనా ఎత్తరు.

కప్పు దొరకలేదు.

పుస్తకం మాత్రం మిగిలింది. కార్యదర్శి ఇంట్లో ఉండటం ఆనవాయితీ కనక మిగిలింది. ఆ పుస్తకం సంగతి చెప్పాలంటే క్లబ్బు పెట్టిన వీర్రాజు గారి సంగతి చెప్పాలి. ఆయన సర్కారు ఆసుపత్రిలో కాంపౌండరు. క్లబ్బు ఆడే ఆటలు ఒక పుస్తకంలో రాయాలని నిర్ణయించినప్పుడు ఆయన ఒక సూత్రం పెట్టారు: "జబ్బు చేసినవాడికే కదయ్యా కేసు షీటు. ఆరోగ్యంగా ఉన్నవాడికి కాగితం ఎందుకు దండగ?" అందుచేత ఆ పుస్తకంలో ఓడిన ఆటలే రాశారు. మొదటి పేజీ ఇలా ఉంటుంది:

"రాయవీధి జట్టు చేతిలో ఓటమి. 29–17. లక్షణం: వెనక ఆటగాళ్లకు ఆయాసం. కారణం: ఆటకు ముందు పెసరట్లు. చికిత్స: ఆట అయ్యాక పెసరట్లు."

గెలిస్తే ఏమీ రాయరు. జట్టుకు ఆరోగ్యం బాగుందని అర్థం. ఆ తరవాత వచ్చిన కార్యదర్శులందరూ ఈ పద్ధతి తప్పలేదు. పద్దెనిమిదేళ్లుగా సుదర్శనం మాస్టారూ తప్పలేదు. ఉత్పల చేరాకే క్లబ్బుకు ఆడపిల్లల జట్టు వచ్చింది. ఆరేళ్లలో ఆ జట్టు ముప్పై ఒక్క ఆటలు ఆడింది. ఒక్కటీ ఓడలేదు. అందువల్ల పుస్తకంలో ఎక్కడా లేదు. అప్పట్లో మాస్టారు దాన్ని గర్వించదగిన విషయంగానే తలిచారు.

గది పోయిన నెలకు ప్రభుత్వం వారికి హఠాత్తుగా స్థానిక క్రీడల మీద ప్రేమ పుట్టింది. క్లబ్బు అధ్యక్షుడు బుల్లెబ్బాయి గారు ఒక సర్క్యులరు పట్టుకుని స్కూటరు మీద వచ్చారు. ఆయనకు రైసు మిల్లు ఉంది. మిల్లు చప్పుడులో మాట్లాడి మాట్లాడి, గుడిలో కూడా అరుస్తూనే మాట్లాడతారు.

"మాస్టారూ! కొంప మునిగేలా ఉందండి బాబూ! యాభై ఏళ్లు దాటిన క్లబ్బులన్నీ చరిత్ర రాసి పంపాలంటండి. ఆధారాలతో సహా. నచ్చితే వారసత్వ క్లబ్బని గుర్తింపు. నచ్చకపోతే స్థలం తీసేసుకుని పార్కు కడతారంట."

"పార్కా?"

"ఆయ్. ఆనందవనం. గుండెకాయ ఆకారంలో బల్ల వేసి, దాని మీద కూర్చుని ఫోటోలు దిగాలంట జనం."

మాస్టారు కోర్టు వైపు చూశారు. పదకొండు మంది ఆడపిల్లలు సున్నంతో గీతలు వేసుకుంటున్నారు. చిన్నపిల్లలుగా ఉన్నప్పుడు ఉత్పల పోగుచేసినవాళ్లు. ఇప్పుడు పురుషుల జట్టు కెప్టెను యేసుబాబు, ఆటో నడుపుకునేవాడు, సాయంత్రం కిరాయిలు మానుకుని వాళ్లకు నేర్పుతున్నాడు. ఊళ్లో వాళ్లకు ఆడుకోవడానికి ఇంకో చోటు లేదు.

"మన దగ్గరున్న ఆధారం ఈ పుస్తకం ఒక్కటే బుల్లెబ్బాయి గారూ."

"పట్టుకురండి, అదే చూపిద్దాం. ఉన్నదాంతోనే కదండీ సంసారం."

జిల్లా క్రీడా వారసత్వ అధికారి పూర్ణానందం గారు పుస్తకాన్ని మూడు వారాలు పరిశీలించి ఇద్దరినీ పిలిపించారు. ఆయన మాట్లాడుతుంటే ఉత్తర్వు చదువుతున్నట్టు ఉంటుంది. ఇంట్లో కాఫీ కూడా అలాగే అడుగుతారని ఆఫీసులో చెప్పుకుంటారు.

"సదరు గ్రంథమును ఆద్యంతము పరిశీలించడమైనది. డెబ్బై రెండు సంవత్సరముల కాలములో మీ సంస్థ మూడు వందల పన్నెండు పర్యాయములు ఓటమి పాలైనది. గెలుపులు శూన్యము."

బుల్లెబ్బాయి గారి మొహం పాలిపోయింది.

"అపూర్వము," అన్నారు అధికారి, లేచి నిలబడి. "రాష్ట్రములో గెలిచిన క్లబ్బులు కోకొల్లలు. ప్రతివాడును గెలిచితినని వచ్చుచున్నాడు. తరతరములుగా, ఒక్క పర్యాయమైనను దారి తప్పక, ఓటమిని ఇంత నిష్ఠతో కాపాడుకొని వచ్చిన సంస్థ మరియొకటి లేదు. ప్రత్యేక లక్షణము గల క్లబ్బుగా మిమ్ములను సిఫార్సు చేయుచున్నాను."

బుల్లెబ్బాయి గారి మొహంలోకి రంగు తిరిగి వచ్చింది. సుదర్శనం మాస్టారు నెమ్మదిగా అన్నారు: "మేం గెలిచిన ఆటలు చాలా ఉన్నాయండి. రాయలేదు, అంతే."

"ఆధారము?"

"బీరువాతో పోయాయి. చూసినవాళ్లు ఉన్నారు, ఆడినవాళ్లు ఉన్నారు."

"తొమ్మిదవ నిబంధన చూడుడు. తనకు మేలు చేకూర్చు మాట చెప్పువాని సాక్ష్యము చెల్లదు. గెలిచితిననువాడు సాక్షి కాజాలడు. ఓడితిననువానిని మాత్రము నమ్మవచ్చును. మీ చేతిలో ఓడినవారు అట్లు వ్రాసుకొనియున్న యెడల ఆ పత్రము తీసుకొని రండి."

"మా అమ్మాయి ముప్పై ఒక్క ఆటలు ఆడింది. మహిళల జట్టులో."

అధికారి పేజీలు తిరగేశారు. "మీ సంస్థలో మహిళలు ఆడినట్లే లేదు. ఆమె పేరిట ఏదేని పత్రము కలదా?"

మాస్టారి సంచిలో ఆ రోజు ఒక కాగితం ఉంది. బ్యాంకు పని మీద తెచ్చి తీయడం మరిచిపోయినది. అడిగారు కదా అని తీసి బల్ల మీద పెట్టారు. అది మున్సిపాలిటీ ఇచ్చిన మరణ ధ్రువపత్రం. అధికారి దాన్ని పైనుంచి కిందికి చదివి, ముద్ర సరిగ్గా పడిందో లేదో చూసి, తిరిగి ఇచ్చేశారు.

"పత్రము సక్రమముగా ఉన్నది. కాని క్రీడలకు సంబంధించినది కాదు."

మర్నాడు మాస్టారు రాయవీధి క్లబ్బుకు వెళ్లారు. అక్కడి కార్యదర్శి చిట్టిరాజు గారు పాత స్నేహితుడు. కుర్చీ వేసి, కొబ్బరి బొండాం కొట్టించి ఇచ్చారు.

"మా దగ్గరా రిజిస్టరు ఉందండి మాస్టారూ. కానీ గెలిచినవే రాసుకుంటాం. ఓడినవి రాసుకోడానికి మాకేం ఖర్మ? ఆ సోకు మీ వీర్రాజు గారికే."

"మా ఉత్పల జట్టు చేతిలో మీ ఆడపిల్లలు ఓడారు. నాలుగుసార్లు."

"అయిదు." చిట్టిరాజు గారు చెయ్యి ఎత్తి అయిదు వేళ్లూ చూపించారు. "ఆ ఎడం చేతి దెబ్బ నేను మర్చిపోతానా అండీ? మా పిల్లలు ఏడ్చేవారు. వెనక్కి కొడుతుందనుకుని వెనక్కి పరిగెత్తితే వల పక్కనే ఉసూరుమని పడేది బంతి. ఎంత చక్కటి ఆట!"

"ఆ మాట కాగితం మీద రాసివ్వండి చిట్టిరాజు గారూ."

చిట్టిరాజు గారు చెయ్యి దించారు. "నోటితో ఎన్నిసార్లయినా చెప్తానండి. కాగితం అంటే కమిటీ ఒప్పుకోవాలి."

గెలిచినవాళ్లు రాసుకోలేదు. ఓడినవాళ్లూ రాసుకోలేదు. కాబట్టి ఆ ఆటలు జరగలేదు. ఆ సంగతి రూఢి చేస్తూ జిల్లా ఆఫీసు నుంచి గుర్తింపు ఉత్తర్వు వచ్చింది.

కోర్టు పక్కన పెద్ద బోర్డు వెలిసింది: "నిరంతర పరాజయ వారసత్వ స్థలం. డెబ్బై రెండేళ్లు. మూడు వందల పన్నెండు ఓటములు." రిబ్బను కత్తిరించినప్పుడు బుల్లెబ్బాయి గారు కన్నీళ్లు పెట్టుకున్నారు. ఆయన తాతగారి హయాంలో యాభై నాలుగు ఓటములు ఉన్నాయని తేలింది. ఆ కుటుంబానికి ఊళ్లో మర్యాద పెరిగింది.

ఉత్తర్వులో పద్నాలుగో షరతు ఒకటి ఉంది. వారసత్వ లక్షణాన్ని యథాతథంగా కాపాడవలెను. అంటే క్లబ్బు ఇకమీదట ఓడుతూనే ఉండాలి. ఒక్క గెలుపు నమోదైనా గుర్తింపు రద్దు, స్థలం ఆనందవనానికి. దీని పర్యవేక్షణకు పరాజయ పరిరక్షణ కమిటీ ఏర్పడింది. కమిటీ మొదటి తనిఖీలోనే అసంతృప్తి వ్యక్తం చేసింది. యేసుబాబు జట్టు బంతిని చూస్తూ చూస్తూ వదిలేస్తోందట.

"ఇట్టి ఓటమి చెల్లదు," అన్నారు పూర్ణానందం గారు. "మీ పూర్వికులు గెలువవలెనని మనసారా ప్రయత్నించి ఓడినారు. మీరును అట్లే ప్రయత్నించవలెను. ఓటమిలో చిత్తశుద్ధి కనపడవలెను. అయితే ఫలితము మారరాదు."

యేసుబాబు తల గోక్కున్నాడు. "అంటే గట్టిగా ఆడాలి, గెలవకూడదు. అంతేనాండి?"

"అంతే."

"మా ఇంట్లో నా పరిస్థితి అదేనండి. అలవాటే."

ఆడపిల్లల సంగతి ఏమిటని మాస్టారు అడిగారు. క్లబ్బు చరిత్రలో మహిళా జట్టు లేదు కనక వారు ఓడనక్కర లేదని, వారి సాధనకు అభ్యంతరం కూడా లేదని అధికారి స్పష్టం చేశారు. లేనివారిని ఎవరు అడ్డుకుంటారు?

ఉత్సాహం జిల్లా అంతా పాకింది. బడుల్లో "మన ఓటమి మన సొత్తు" అని వ్యాసాల పోటీ పెట్టారు. మొదటి బహుమతి వచ్చిన అబ్బాయిని, పోటీ స్ఫూర్తికి విరుద్ధంగా ప్రవర్తించాడని హెడ్మాస్టరు మందలించాడు. గెలుపుల రిజిస్టర్లు ఉన్న క్లబ్బులకు దిగులు పట్టుకుంది. రాయవీధి వాళ్లు తమ రిజిస్టరు చెదలు తిందని ప్రకటించి, నెల తిరిగేసరికి నాలుగు వందల ఓటములతో మరో పాత రిజిస్టరు కనుగొన్నారు. దాని కాగితాలు టీ రంగులో ఉన్నాయి, టీ వాసన కూడా వేస్తున్నాయి. సుదర్శనం మాస్టారు ఆశగా వెళ్లి దాన్ని మొదటినుంచి చివరిదాకా చదివారు. అందులో వాళ్లు ఎవరెవరి చేతిలోనో ఓడారు. మునగలపాలెం ఆడపిల్లల చేతిలో ఓడినట్టు మాత్రం లేదు.

"మీ క్లబ్బు గెలిచినట్టు రాస్తే మీ గుర్తింపు పోతుంది కదండీ," అన్నారు చిట్టిరాజు గారు నొచ్చుకుంటూ. "మీ మంచి కోరే రాయలేదు."

ఒక జిల్లాకు ఒక్క పరాజయ క్లబ్బుకే చోటు ఉంది. రెండు అర్జీలు ఉన్నాయి. అందుచేత క్రీడా దినోత్సవం నాడు రెండు క్లబ్బులకూ పోటీ పెట్టి, ఓడిన క్లబ్బుకు శాశ్వత గుర్తింపు ఇస్తామన్నారు.

ఆ సాయంత్రం మునగలపాలెం కోర్టు చుట్టూ జనం కిక్కిరిశారు. స్కోరు రాసే బల్ల దగ్గర సుదర్శనం మాస్టారు కూర్చున్నారు. టాస్ నెగ్గితే అదీ గెలుపు కిందకు వస్తుందేమోనని కెప్టెన్లిద్దరూ నాణెం వైపు చూడలేదు. అంపైరు విసిగి రాయవీధి వాళ్ల చేతికి బంతి ఇచ్చాడు.

రాయవీధి కెప్టెను బంతిని వల్లో కొట్టాడు. మునగలపాలేనికి పాయింటు, సర్వీసు కూడా. యేసుబాబు వల్లో కొట్టాడు. రాయవీధికి పాయింటు. వాళ్లు మళ్లీ వల్లో కొట్టారు. వీళ్లూ కొట్టారు. రెండువైపులా చిత్తశుద్ధి ఉట్టిపడింది. కొట్టిన ప్రతివాడూ తల పట్టుకుని, అయ్యో అని, జనం వైపు చూసి పశ్చాత్తాపం ప్రకటించాడు. కమిటీ సభ్యులు మార్కులు వేసుకున్నారు. ఇప్పటి ముప్పై అయిదు పాయింట్ల ఆటలో స్కోరు ముప్పై నాలుగు సమానం అయింది. అప్పటికి ఒక్క బంతి కూడా వల దాటలేదు.

ఆఖరి సర్వీసు రాయవీధిది. వాళ్ల కెప్టెను వల్లో కొట్టి కొట్టి విసుగెత్తాడేమో, ఈసారి కాస్త కొత్తగా ఓడుదామని, బంతిని ఎత్తుగా, గీత బయట పడేటట్టు పంపించాడు.

బయట పడితే మునగలపాలెం గెలిచినట్టే.

"ముట్టుకోరా యేసూ!" బుల్లెబ్బాయి గారి కేక మిల్లు దాకా వినిపించింది. "బయటికి పోతందిరా! ముట్టుకుని పాడుచెయ్యి!"

యేసుబాబు పరిగెత్తాడు. బంతిని అందుకుని పాడుచేద్దామనే పరిగెత్తాడు. ఆ మాట తరవాత కమిటీ ముందు ప్రమాణం చేసి చెప్పాడు కూడా. కానీ సాయంత్రం సాయంత్రం ఆడపిల్లలకు ఒకే దెబ్బ పదే పదే నేర్పిన చెయ్యి అది. వెనక్కి కొట్టబోతున్నట్టు బ్యాటు లేచింది, చివరి క్షణంలో మణికట్టు ఒదిగింది. ఊలు బంతి వల మీదుగా జారి, అవతల జానెడు దూరంలో ఉసూరుమని పడింది.

ఆ దెబ్బ ఎవరిదో మాస్టారికి తెలుసు. చిట్టిరాజు గారికీ తెలుసు. ఆయన కుర్చీలోంచి సగం లేచి, మళ్లీ కూర్చున్నారు.

కోర్టు పక్కనుంచి పదకొండు మంది ఆడపిల్లలు ఒక్కసారిగా కేక పెట్టారు. మాస్టారు స్కోరు షీటు మీద ముప్పై అయిదు వేసి, చుట్టూ సున్నా చుట్టి, సంతకం పెట్టారు.

పూర్ణానందం గారు షీటు తెప్పించుకుని చాలాసేపు చూశారు. బుల్లెబ్బాయి గారు చేతులు కట్టుకుని నిలబడ్డారు. జీవితంలో మొదటిసారి ఆయన గొంతు తగ్గింది.

"పొరపాటండి. కుర్రాడు కావాలని గెలవలేదండి."

"ఏ గెలుపు?" అన్నారు అధికారి.

"ఇప్పుడు... మూడు వందల మంది చూశారు కదండీ."

"చూచుట వేరు, నమోదగుట వేరు. స్కోరు షీటు తాత్కాలిక పత్రము. శాశ్వత ఆధారము మీ గ్రంథమని గుర్తింపు ఉత్తర్వులోనే కలదు. సదరు గ్రంథములో గెలుపు వ్రాయు ఆచారము లేదు. వ్రాయని గెలుపు జరుగలేదు. జరుగని గెలుపు వలన వారసత్వమునకు భంగము లేదు. మీ గెలుపు లేనందున రాయవీధి వారి ఓటమియు లేదు, వారికి గుర్తింపు చెందదు. శాశ్వత గుర్తింపు మీదే."

సుదర్శనం మాస్టారు ఆ వాదన అంతా మనసులో ఒకసారి అప్పజెప్పుకున్నారు. ఎక్కడా అతుకు ఊడలేదు.

"నేను రాస్తే?" అన్నారు. "పుస్తకం నా దగ్గరే ఉంది. ఈ గెలుపు, అంతకు ముందువీ."

"వ్రాయవచ్చును. అది మీ స్వేచ్ఛ. వ్రాసిన మరుక్షణము స్థలము ఆనందవనమునకు పోవును."

మాస్టారు కోర్టు వైపు చూశారు. ఆడపిల్లలు అప్పటికే మగవాళ్లను పక్కకు పంపి వల సరిచేసుకుంటున్నారు.

అధికారి గొంతు తగ్గించారు. ఉత్తర్వు భాష కూడా కాస్త సడలింది. "మాస్టారూ, మీ అమ్మాయి సంగతి అధ్యక్షులవారు చెప్పినారు. నేనును ఆడపిల్ల తండ్రినే. చరిత్ర అచ్చుకు పోవుచున్నది. ఆమె పేరు చేర్చుటకు మార్గము ఒకటి కలదు. ఒక్క ఓటమి చూపించండి. చిన్న ఓటమి చాలును. మూడు వందల పదమూడు అగును. పేరు శాశ్వతముగా నిలుచును."

ఆయన మంచి మనసుతోనే అన్నారు. అందులో అనుమానం లేదు.

దారిలో బుల్లెబ్బాయి గారు స్కూటరు నడిపించుకుంటూ పక్కన నడిచారు. "ఒక్క ముక్కండి మాస్టారూ. ఒక్క పాయింటు తేడాతో ఓడిందని రాసేయండి. ఎవరు అడుగుతారండీ?"

"తను ఓడలేదండి బుల్లెబ్బాయి గారూ."

బుల్లెబ్బాయి గారు మిల్లు మలుపు దాకా వచ్చి, అక్కడ స్కూటరు స్టార్టు చేశారు.

మర్నాడు మధ్యాహ్నం మాస్టారు పుస్తకం తెరిచారు. వీర్రాజు గారి గుండ్రటి అక్షరాల దగ్గరనుంచి తన అక్షరాల దాకా తిరగేసి, కొత్త పేజీలో తేదీ వేశారు. "జట్టు: మహిళలు" అని రాశారు. "లక్షణం" అని రాశారు. లక్షణాలు ఏమున్నాయని? ఎడం చెయ్యి. వల పక్కన పడే బంతి. కారణం, చికిత్స గళ్లు అలాగే ఉండిపోయాయి. ఇంతలో వాకిట్లో అలికిడి అయింది. క్లబ్బు గది లేదు కనక వల ఇప్పుడు మాస్టారి ఇంట్లోనే ఉంటోంది. పెద్దపిల్ల దుర్గాభవాని దాని కోసం వచ్చింది.

"మాస్టారూ, వల ఇస్తారా? ఈరోజు మేం రెండు జట్లుగా ఆడుకుంటున్నామండి."

"ఎవరు గెలుస్తారు?"

"మేమేనండి," అంది ఆ పిల్ల నవ్వుతూ. "ఎటైనా మేమే కదండీ."

మాస్టారు కలం మూసి, వల తెచ్చి ఇచ్చారు.

చరిత్ర అచ్చయింది. నలభై ఎనిమిది పేజీలు, అట్ట మీద బోర్డు ఫోటో, పూర్ణానందం గారి ముందుమాట. మూడు వందల పన్నెండు ఓటములూ ఒక్కటి కూడా తప్పిపోకుండా వచ్చాయి. కోర్టు నిలిచింది. ఆడపిల్లలు రోజూ సాయంత్రం ఆడుతున్నారు. తమలో తాము ఆడుకుంటారు కనక రోజూ సగం మంది గెలుస్తారు. అది ఎవరూ రాయరు.

మాస్టారి పుస్తకంలో ఆ కొత్త పేజీ అలాగే ఉంది. ఉత్పల పేరు ఇంకా రాయలేదు.